అడ్డగీత పెట్టవలసిన చోటు

బజారులో నడచుచుండగా ఒక దుకాణము మీద "ఓల్డ్ ఫర్నిచర్ డీలర్" అని ఇంగ్లీషున వ్రాసిన పలక కనబడినదనుకొందము. లోపల కూర్చున్న వర్తకుడు పాత కుర్చీలను, బల్లలను కొని అమ్మువాడా, లేక కొత్త సామానునే యమ్ముచు తాను మాత్రము వయసు మళ్లినవాడా యని ప్రశ్నించుట హాస్యమునకే చెల్లునుగాని, ఆ పలకపై నున్న మూడు మాటలును ఆ ప్రశ్నకు సమాధానము చెప్పకున్న మాట నిజము. ఓల్డ్, ఫర్నిచర్ అను రెండింటి నడుమ గోరంత గీత యొకటి గీచినచో పాతదనము సామానుకు అంటుకొని అక్కడనే నిలిచిపోవును. గీయనిచో అది వర్తకుని మీదికి దాటుటకును త్రోవ మిగిలి యుండును. ఇంగ్లీషువారు హైఫన్ అనియు, మనవారు అడ్డగీత యనియు వ్యవహరించు ఈ చిహ్నము చేయు పనియంతయు స్థూలముగా నింతే: రెండు మాటలను ముందుగా తమలో తాము కలిసికొమ్మని చెప్పి, పిదప మూడవదానితో కలియుటకు పంపుట.

పని యింత స్వల్పమైనను దీనిని గూర్చిన పేచీ స్వల్పమైనది కాదు. మన బడులలో ఇంగ్లీషు నేర్పు ఉపాధ్యాయులు ఫుల్‌స్టాపునకు ఒక పాఠమును, కామాకు ఒక పాఠమును కేటాయించి, హైఫను దగ్గరకు వచ్చునప్పటికి "డిక్షనరీ చూచుకొనుడు" అని తప్పించుకొనుట పరిపాటి. అందులకు వారిని నిందింప వీలులేదు. ఆంగ్లభాషా వ్యవహారమున పెద్దదిక్కుగా పేరొందిన హెన్రీ ఫౌలర్ 1926లో ప్రకటించిన 'మోడరన్ ఇంగ్లిష్ యూసేజ్' అను గ్రంథమున, హైఫను విషయమై రచయితలలోను ముద్రాపకులలోను ప్రబలిన అరాజకము ఇంగ్లీషు చదువునకే తలవంపు తెచ్చునదిగా నున్నదని విసిగికొనెను. ఆ తరువాత, సర్కారు కొలువులలోని వారికి తేట యింగ్లీషు నేర్పుటకై పూనుకొని 'ప్లెయిన్ వర్డ్స్' వ్రాసిన సర్ ఎర్నెస్ట్ గవర్స్, హైఫనును పట్టుదలగా పట్టించుకొన్నవానికి మతి చలించుట తథ్యమన్న ఒక ముద్రణాలయమువారి హెచ్చరికను స్మరించి, తనకు దానిని పట్టించుకొను నుద్దేశము లేదని స్పష్టముగా చెప్పి చేతులు దులుపుకొనెను. పండితులే యిట్లు తొలగిపోగా పంతులుగారిని ఏమనగలము?

అయినను, ఈ చిక్కులో సగము దానిని తప్పు చోట వెదకుటవలన కలిగినదేమో యని నా యభిప్రాయము. ఫలానా మాటకు హైఫను ఉన్నదా లేదా యని నిఘంటువు నడుగుచున్నాము. అడుగవలసినది ఆ మాట వాక్యములో ఏ స్థానమున నున్నదని, అది తన ప్రక్కమాటతో ఎట్టి సంబంధము పెట్టుకొన్నదని. సమాసము కనబడగానే దానికి విగ్రహవాక్యము చెప్పుట చిన్నతనముననే అలవరచుకొన్న తెలుగువానికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రాజపుత్రుడనగా రాజు యొక్క పుత్రుడనియు, పీతాంబరుడనగా పచ్చని వస్త్రము గలవాడనియు విడదీసి చెప్పగలవాడు, ఇంగ్లీషులోని పదబంధమును గూడ అట్లే విడదీసి చూచినచో గీత యెక్కడ పడవలెనో చాలవరకు తానే తెలిసికొనగలడు.

ఈ చిహ్నము పుట్టుక గ్రీకుల యింట జరిగినది. ప్రాచీన గ్రీకు లేఖకులు మాటకును మాటకును నడుమ ఎడము విడువక, అక్షరములను ఒకే గొలుసుగా వ్రాసికొనిపోవుచుండిరి. చదువువాడే మాటలను త్రుంచుకొనవలెను. రెండు పదములుగా భ్రమింపదగినచోట అది ఏకపదమని హెచ్చరించుటకై వైయాకరణులు ఆ రెండు భాగముల సంధిస్థానమున అక్షరముల క్రింద విల్లువంటి చిన్న వంకరగీతను పెట్టిరి. డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ప్రసిద్ధమైన గ్రీకు వ్యాకరణమునకు అనుబంధముగా వచ్చిన చిహ్నముల పట్టికలో ఇదియు నొకటి. కాలక్రమమున ఐరోపా లేఖకులు మాటల నడుమ ఎడము విడుచుట నేర్చిన తరువాత గీతకు క్రొత్త కొలువు దొరకినది: పంక్తి చివర చోటు చాలక విరిగిన మాట, మరుసటి పంక్తిలో కొనసాగునని సూచించుట. 1455 ప్రాంతమున మైన్స్ నగరమున గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలు పుటలను చూచినవారికి, నలువదిరెండేసి పంక్తుల నిలువు వరుసల కుడియంచున, వరుస దాటి వెలుపలికి తొంగిచూచు జంట ఏటవాలు గీతలు కనబడును, అవి హైఫనులే. వరుస అంచు నిటారుగా కనబడుటకై ఆ శిల్పి వానిని వెలుపలికి నెట్టివైచెను. పంక్తి చివరి హైఫను ముద్రాపకుని సౌకర్యమునకు పుట్టినది గనుక దానితో మనకు పేచీ లేదు. మాటల నడుమ నిలుచు హైఫనే మన ప్రస్తుత విషయము.

గ్రీకుల వంకరగీత కలుపుటకు పుట్టినది. మన దేశమున దానికి సరిగా ప్రతిలోమమైన చిహ్న మొకటి విడదీయుటకు పుట్టినది. ఋక్సంహితను సంధులు విడదీసి పదపదముగా చెప్పు పదపాఠమును సంకలించిన శాకల్యుడు, పదములను వేరుచేయుటతో తృప్తినొందక, సమాసములోని రెండు భాగముల నడుమను కించిద్విరామమును పాటించెను. దానికి అవగ్రహమని పేరు. పురోహితమను పదము పదపాఠములో "పురఃఽహితమ్" అని నడుమ విరుగును. సమాసమున ఎన్ని పదములున్నను సాధారణముగా ఒక్క తావుననే విరచి, అన్నిటికన్న చివరగా జరిగిన కూడికను మాత్రమే చూపుట ఆ సంప్రదాయములోని నేర్పు. ఏ రెండు ముందు కలిసినవో, ఏది పిదప వచ్చి చేరినదో ఆ ఒక్క విరుపే చెప్పును. ఇంగ్లీషు హైఫను చెప్పవలసిన రహస్యము సరిగా ఇదియే.

రాతలో గీత లేనివేళ నోటిలో స్వరమున్నది. త్వష్ట తన కుమారుడైన విశ్వరూపుని చంపిన ఇంద్రునిపై కసితో, ఇంద్రుని వధింపగల పుత్రుని కోరి హోమము చేయుచు ఇంద్రశత్రు శబ్దము నుచ్చరించెననియు, అంత్యమున నుండవలసిన ఉదాత్తస్వరము ఆదిని పడుటచేత తత్పురుషము కాస్త బహువ్రీహియై, ఇంద్రునికి శత్రువు కావలసిన వృత్రుడు ఇంద్రుడే శత్రువుగా గలవాడై హతమయ్యెననియు వైదికవాఙ్మయము చెప్పుచున్నది. వ్యాకరణ మేల చదువవలెనో వివరించుచు పతంజలి మహాభాష్యారంభమున ఈ కథనే తలచుకొనెను. అక్షరములన్నియు సరిగానే యున్నవి, క్రమమును సరిగానే యున్నది. సమాసము ఏ జాతిదో తెలుపు గుర్తొక్కటి తారుమారైనది, అంతటితో సర్వము తలక్రిందులైనది.

ఇంగ్లీషునను ఇట్టి స్వరభేదము కలదు. 'బ్లాక్‌బర్డ్' అని మొదటి భాగమును ఒత్తి పలికినచో అది యొక పక్షిజాతి పేరు. 'బ్లాక్ బర్డ్' అని రెండింటిని సమముగా ఒత్తి పలికినచో నల్లనైన ఏ పక్షియైనను, కాకియైనను సరే, అగును. 'గ్రీన్‌హౌస్' మొక్కలు పెంచు గాజుటిల్లు, 'గ్రీన్ హౌస్' ఆకుపచ్చ రంగు వేసిన ఇల్లు. పాణినిని శ్రద్ధగా పఠించిన అమెరికా భాషాశాస్త్రవేత్త లెనర్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో ప్రకటించిన 'లాంగ్వేజ్' అను గ్రంథమున ఇంగ్లీషు సమాసములను వివరింపబూని, తత్పురుష, కర్మధారయ, బహువ్రీహి, ద్వంద్వములను సంస్కృత నామములతోనే పేర్కొనెను. ఆ పేర్లు నేడు పాశ్చాత్య భాషాశాస్త్రమున సొంత సొత్తువలె చెల్లుచున్నవి. అయితే సంస్కృతమున సమాసము కాగానే పదములు అతుకుకొనిపోవును, జర్మనులును అతికించియే వ్రాయుదురు; ఇంగ్లీషువారు మాత్రము సమాసమును విడిగా వ్రాయవచ్చును, గీతతో వ్రాయవచ్చును, కలిపియు వ్రాయవచ్చును. నోరు నిస్సంశయముగా చెప్పినదానిని చేయి మూడు విధముల వ్రాయగలుగుటయే సమస్తమైన యీ తగవునకును మూలము.

ఇక నియమముల మాట. వీనిలో తక్కినవన్నియు ఉపనియమములు కాదగినంతటి ప్రధాననియమ మొకటి కలదు: రెండు మాటలు కూడి ఒకే విశేషణమై నామమునకు ముందు నిలిచినపుడు వానిని గీతతో కలుపవలెను, అవియే నామమునకు తరువాత విధేయముగా వచ్చినపుడు విడిచివేయవచ్చును. 'ఎ వెల్-నోన్ రైటర్' అనునపుడు గీత యుండును. 'ద రైటర్ ఈజ్ వెల్ నోన్' అనునపుడు ఉండదు. మాటలవే, అర్థమదే, స్థానము మాత్రము మారినది. నామమునకు ముందున్నపుడు చదువరి కన్ను ఇంకను విశేష్యమును చూడలేదు, ఏది దేనితో కలియునో తేల్చుకొనలేదు, కావున గీత దారి చూపవలసి వచ్చినది. తరువాత వచ్చినపుడు విశేష్యము ముందే తెలిసిపోయినది గనుక గీతకు పనిలేదు. బ్యాంకువారు ఇచ్చునది 'లాంగ్-టర్మ్ లోన్'; కాని 'ఇన్ ద లాంగ్ టర్మ్' అనగా అక్కడ లాంగ్ అనునది టర్మునకు ఉత్త విశేషణమే గాని, ఆ రెండును కలిసి మరియొకదానికి ఊడిగము చేయుట లేదు. పెండ్లికి 'ట్వెంటీ-ఆడ్ గెస్ట్స్' వచ్చిరన్నచో ఇరువదికి పైచిలుకు అతిథులు. గీత జారిపోయినచో ఇరువదిమందియు విచిత్రవ్యక్తులే. వచ్చినవారిలో ఈ రాత చదువువాడు ఒక్కడున్నను వియ్యాలవారికి జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

ఈ నియమపు బలమును తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణమును నిదానముగా పరిశీలింతము. రోడ్డు వెడల్పు చేయుటకు కొన్ని చెట్లను కొట్టివేయుదుమని ఒక కార్యాలయమువారు ఇంగ్లీషున ప్రకటన యిచ్చి, అందులో 'త్రీ హండ్రెడ్ ఇయర్ ఓల్డ్ ట్రీస్' అని గీతలు లేకుండ వ్రాసిరనుకొనుడు. ఊరిలో అలజడి పుట్టుటకు ముందు ఆ ప్రకటనకు విగ్రహము చెప్పవలెను. నాలుగు మాటలను మూడు గీతలతో బిగించి 'త్రీ-హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ ట్రీస్' అన్నచో అవి మున్నూరేండ్ల వయసు గలవి, ఎన్నియో తెలియదు. మొదటి మాటను వదలి, తక్కిన మూటిని రెండు గీతలతో కలిపి 'త్రీ హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ ట్రీస్' అన్నచో అవి మూడే చెట్లు, ఒక్కొక్కదానికి నూరేండ్లు. చివరి రెండు మాటలను మాత్రము ఒకే గీతతో కలిపి 'త్రీ హండ్రెడ్ ఇయర్-ఓల్డ్ ట్రీస్' అన్నచో అవి మున్నూరు, వాని వయసు ఏడాది; నిరుటి వనమహోత్సవమున నాటిన మొక్కలు కావచ్చును. మహావృక్షముల కొరకు సత్యాగ్రహము చేయవలసినదో, మొక్కలు పెరికి వేరొకచోట నాటిన చాలునో ఆ గీతలే తేల్చవలెను.

ఇదే ఉదాహరణములో మరియొక విశేషము కలదు. వయసు మూడువందల సంవత్సరములైనను 'ఇయర్స్' అనక 'ఇయర్' అనియే యన్నాము. 'ఫైవ్-రూపీ కాయిన్', 'టెన్-మైల్ వాక్' మొదలైనవానియందును ఇంతే; బహువచనపు ప్రత్యయము లోపల లోపించినది. సమాసము చేయునపుడు లోపలి విభక్తులు లోపించునని మన వ్యాకరణము చెప్పుచుండగా ఇంగ్లీషు గూడ తనకు తెలియకయే ఆ సూత్రమును పాటించుచున్నది. యుధిష్ఠిరుడను పేరులో 'యుధి' అను సప్తమి లోపింపక నిలిచినట్లు, 'స్పోర్ట్స్ కార్', 'సేల్స్ టాక్స్' వంటివానిలో వారి ప్రత్యయమును చెక్కుచెదరక నిలిచినది. అలుక్సమాసములు అక్కడను ఉన్నవన్నమాట. కనుక ఒక పదబంధమున బహువచనము ఉండవలసిన చోట ఏకవచనము కనబడినదన్నచో, అది విశేషణముగా మారిన సమాసమనియు, నామమునకు ముందున్నచో గీత కోరుననియు పోల్చుకొనుటకు అదియొక ఆనవాలు.

గీత అక్కరలేని చోటును గూడ ఇదే దృష్టితో చూడవలెను. 'హైలీ పెయిడ్ ఆఫీసర్' అనుచోట గీత పెట్టువారు మన కార్యాలయములలో కోకొల్లలు. 'లీ' అంతమందున్న క్రియావిశేషణము నామమును అంటుకొనలేదు. 'హైలీ ఆఫీసర్' అను అన్వయము ఎవనికిని స్ఫురింపదు. రెండవ అన్వయమునకు అవకాశమే లేనప్పుడు దానిని వారించుటకు గీత యేల? కాని 'లీ' కనబడినంతనే గీత తీసివేయుటయు పొరపాటే. 'ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్' అనుదానిలోని మొదటిమాట క్రియావిశేషణము కాదు, శుద్ధమైన నామవాచకము. దానికి గీత యుండవలసినదే. నియమమును చెవితో విని కంఠస్థము చేసినవారు ఇక్కడనే బోల్తాపడుదురు. అట్లే, నిరంతర వ్యవహారముచేత గట్టిపడి ఒకే మాటవలె వినబడు 'హై స్కూల్ టీచర్' వంటివానికి గీత లేకున్నను ఎవరును పొరబడరు గనుక పత్రికలవారు పెక్కురు దానిని విడిచివేయుదురు. దీనిని అపరాధముగా నెంచుట చాదస్తము.

విశేషణముల సంగతి ఇట్లు తర్కమునకు లొంగినను, నామములుగా నున్న సమాసములు మాత్రము తర్కమునకు లొంగవు. అవి కాలమునకు లొంగును. క్రొత్తగా కూడిన రెండు మాటలు కొన్నాళ్లు విడివిడిగా నుండి, కొన్నాళ్లు గీతతో ముడిపడి, చివరకు ఏకమగుట సామాన్యమైన పరిణామము. 'టుడే', 'టుమారో' అనువానిని ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల ఇంగ్లీషు పుస్తకములలో 'టు-డే', 'టు-మారో' యని చూచినవారు, ఆ గీత చెదలు చేసిన పని కాదని గ్రహింపవలెను. 'న్యూ-యార్క్ టైమ్స్' పత్రిక తన పేరులోని గీతను 1896 డిసెంబరు 1వ తేదీనాడు తీసివేసెను. అంతకుముందు ఆ నగరము పేరునే గీతతో వ్రాయుట వాడుక. బేస్‌బాల్ ఆట రెండు మాటలుగా మొదలై, గీతను దాటి, ఒకటిగా స్థిరపడినది. మన కాలముననే 'ఈ-మెయిల్' అనుదానిలోని గీతను అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థవారు 2011లో తొలగించిరి.

ఒక్కొక్కటిగా జరుగుచున్న ఈ మార్పు 2007లో ఒక్కుమ్మడిగా జరిగినది. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆరవ కూర్పున సుమారు 16,000 మాటల నుండి హైఫను తొలగింపబడినది. 'బంబుల్-బీ', 'లీప్-ఫ్రాగ్', 'పిజన్-హోల్', 'క్రై-బేబీ' మొదలైనవి ఒకే మాటగా కలిసిపోయినవి. 'ఐస్-క్రీమ్', 'ఫిగ్-లీఫ్', 'పాట్-బెల్లీ' మొదలైనవి దీనికి విరుద్ధముగా రెండుగా విడిపోయినవి. దీనిని బట్టి, విడివిడిగా మొదలై ఏకమగుట యన్న పరిణామము సైతము సార్వత్రికము కాదని తేలుచున్నది. జనులు గీత పెట్టుట మానివేసిరి గనుక మేమును మానితిమని సంపాదకులు చెప్పుకొనిరి. లక్ష్యమును బట్టి లక్షణము నడుచుట న్యాయమే. ఇందులో నాకు నచ్చని దేమనగా, 'ఐస్ క్రీమ్' రెండుగా చీలినప్పటికిని, 'ఐస్-క్రీమ్ పార్లర్' అని నామమునకు ముందు పెట్టినచో గీతకు తిరిగి అవకాశము కలుగునన్న సంగతి ఆ వార్త చదివిన జనులలో అనేకులకు తెలియలేదు. నిఘంటువు గీతను చంపివేసినదను అపోహ మిగిలినది.

క్రియలతో వచ్చు చిక్కు వేరు. హోటలులో గది పుచ్చుకొనుట 'చెక్ ఇన్'. ఆ సమయమునో, ఆ పనినో పేర్కొనునది 'చెక్-ఇన్'. క్రియగా నున్నపుడు ఆ రెండు మాటలు దూరముగా జరుగవచ్చును, నడుమ మరియొక మాట దూరవచ్చును. గీత వేసినచో వాని స్వేచ్ఛ పోవును. నామముగా మారినపుడు అవి ఇక కదలవు. గీత వేయవచ్చును, లేదా 'లాగిన్' వలె కలిపివేయవచ్చును. మన నగరములలోని కార్యాలయముల గోడలపై 'ప్లీజ్ లాగిన్ హియర్' అని క్రియను గూడ కలిపి వ్రాయుట ఇప్పుడు ఎంతగా ప్రబలినదనగా, దానిని దిద్దబోవుట ఏటికి ఎదురీదుటయే.

ఉపసర్గల విషయమున హైఫను లేకుండుట ఒక్కొక్కతరి ప్రమాదకరము. 'రిజైన్' అనగా ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చుట. 'రీ-సైన్' అనగా ఒప్పందముపై మరల సంతకము చేయుట. ఇంగ్లీషున ఈ రెండింటి అక్షరములును అవే. గీత యొక్కటే భేదము. ఆటగాని విషయమున వార్త వ్రాయు విలేకరి ఆ గీతను మరచెనా, జట్టులో నిలిచినవాడు జట్టు విడిచినవాడగును. 'రికవర్' కోలుకొనుట, 'రీ-కవర్' పాత సోఫాకు క్రొత్తబట్ట వేయుట. సహకార సంఘమును పొట్టిగా 'కో-ఆప్' అనుదురు. గీత పోయినచో అది కోళ్లగూటికి పేరగును. రెండు 'ఓ' అక్షరములు ప్రక్కప్రక్కన పడుటను సహింపలేక, 'న్యూయార్కర్' పత్రికవారు నేటికిని గీతకు బదులు రెండవ 'ఓ'పై రెండు చుక్కలు పెట్టుచున్నారు. ఆ పంతమునకు జోహారు. దేశనామములకు ముందు వచ్చినపుడు, 'యాంటీ-బ్రిటిష్' అన్నట్లు, పెద్దక్షరమును చిన్నక్షరముతో అతికించుటకు వీలులేదు గనుక గీత తప్పదు.

సంఖ్యల విషయమున తగవు తక్కువ: ఇరువదియొకటి మొదలు తొంబదితొమ్మిది వరకును అక్షరములలో వ్రాయునపుడు 'ట్వెంటీ-వన్' అని గీత యుండును, పదుల పూర్ణసంఖ్యలకు ఉండదు. 'టు- అండ్ త్రీ-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్' అనుచోట మొదటి సంఖ్య తరువాత వ్రేలాడుచున్న గీతను అచ్చుతప్పని దిద్దువారు కలరు. అది తప్పు కాదు, తన తోడు మాట ముందున్నదని చెప్పు గుర్తు.

ఇంత చిన్న గీత రాజ్యములను గూడ కలచివేసినది. 1915 అక్టోబరు 12న న్యూయార్కులోని కార్నెగీ హాలులో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ప్రసంగించుచు, జర్మన్-అమెరికన్, ఐరిష్-అమెరికన్ అని గీతతో తమ్ము చెప్పుకొనువారికి అమెరికాలో తావులేదని గర్జించెను. నాలుగేండ్ల తరువాత అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఆ గీతను మోసికొని తిరుగువాడు దేశమును పొడుచుటకు కత్తి మోయుచున్నట్లేయని అంతకన్న తీవ్రముగా పలికెను. వారు గీతను రెండు దేశములకు సమానభక్తిని సూచించు ద్వంద్వసమాసమునకు గుర్తుగా భావించిరి; కాని ఐరిష్ అనునది అమెరికన్‌కు విశేషణము మాత్రమే యని, అది కర్మధారయమని చెప్పువాడెవడును వారికి దొరకలేదు కాబోలు. 2019లో అసోసియేటెడ్ ప్రెస్ వారు ఏషియన్ అమెరికన్, ఆఫ్రికన్ అమెరికన్ మొదలగువానినుండి గీతను తీసివేసిరి. డల్లాసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన మన తెలుగువారును ఆ లెక్కన గీత లేని ఇండియన్ అమెరికన్లే. చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వము కూలిన పిదప, 1990లో, దేశపు పేరు నడుమ గీత యుండవలెనా యని శాసనసభలో పెద్ద వివాదము చెలరేగినది. తమ జాతి చెక్కులలో కలిసిపోలేదని చూపుటకు స్లొవాకులకు గీత కావలసివచ్చినది; ఆ గీతను చూచిన చెక్కులకు 1938లో దేశము తునుకలైన దుర్దినములు జ్ఞప్తికి వచ్చినవి. చెక్ భాషలో గీత లేకుండ, స్లొవాక్ భాషలో గీతతో వ్రాయుదమని మార్చిలో రాజీపడి, అదియు నిలువక ఏప్రిలులో 'చెక్ మరియు స్లొవాక్' అని పేరే మార్చుకొనిరి. 1993 జనవరి 1న దేశమే రెండైనది.

టైపురాత యంత్రము వచ్చిన తరువాత హైఫను, డాషు, తీసివేత గుర్తు మూడును ఒకే మీటకు ఒదిగిపోయినవి. కంప్యూటరు మీటల పలకయు ఆ వారసత్వమునే మోయుచున్నది. దానివలన ఏ గీత కనబడినను హైఫను అనుకొను అలవాటు పడినది. 1962 జులై 22న శుక్రగ్రహమునకు పంపిన మ్యారినర్-1 అను అమెరికా వ్యోమనౌక దారి తప్పగా, అయిదు నిమిషములైన నిండకముందే అధికారులు దానిని ప్రేల్చివేసిరి. ఒక హైఫను పోవుటవలన ఇట్లు జరిగెనని పత్రికలు వ్రాసినవి. రచయిత ఆర్థర్ క్లార్క్ దానిని చరిత్రలో అన్నిటికన్న ఖరీదైన హైఫను అని చమత్కరించెను. గణితసూత్రములను నకలు చేయునపుడు జారినది అక్షరము నెత్తిన నుండవలసిన గీతయని, అది హైఫనే కాదని తెలిసినవారు చెప్పుదురు. పేరు మాత్రము హైఫనుకే స్థిరపడిపోయినది.

చివరకు మన సర్కారు కాగితములలోని రాత యొకటి చెప్పవలసియున్నది, ఏలయన ఇంగ్లీషున అర్జీలు వ్రాయు మనవారికి నిత్యము తగులునది అదే. భారత రాజ్యాంగమున ఉపరాష్ట్రపతి పదవి 'వైస్-ప్రెసిడెంట్' అనియు, మరి రెండు పదవులు 'అటార్నీ-జనరల్', 'అడ్వొకేట్-జనరల్' అనియు గీతలతో నున్నవి. ప్రధానమంత్రికిని ముఖ్యమంత్రికిని గీత లేదు. 'కో-ఆపరేటివ్ సొసైటీస్' అని గీతతో రాజ్యాంగమున ప్రత్యేక భాగమే యున్నది, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టమునను గీత యున్నది. కాని 2021లో కేంద్రమున నెలకొల్పిన సహకార మంత్రిత్వశాఖ తన ఇంగ్లీషు పేరును గీత లేకయే వ్రాసికొనుచున్నది. ఆదాయపు పన్ను చట్టము 'ఇన్‌కమ్-టాక్స్ యాక్ట్'. ఆ చట్టమును అమలుపరచు శాఖ తన పలకపై 'ఇన్‌కమ్ టాక్స్ డిపార్ట్‌మెంట్' అని గీత లేక వ్రాసికొనును. ఇట్టిచోట విగ్రహవాక్యమును పనికిరాదు, నిఘంటువును పనికిరాదు. అవి సంజ్ఞానామములు, చట్టమును ఉదహరించునపుడు చట్టముపై నున్నట్లును, కచేరీకి చిరునామా వ్రాయునపుడు కచేరీ పలకపై నున్నట్లును, ఒకే ఉత్తరములో ఒకచోట గీత పెట్టి, మరియొకచోట మానివేసి వ్రాయవలసినదే. అది చూచి గుమాస్తా ఒకటి తప్పని కొట్టివేయబోయినచో, చట్టపు ప్రతిని తెప్పించి మొదటి పుట చూపవచ్చును.